దూలానికి ఆడిట్

ఊళ్లో ఎక్కడైనా పాత పెంకుటిల్లు పడగొడుతున్నారని తెలిస్తే, ఆ ఇంటి వాటాదార్ల కన్నా ముందు వచ్చి నిలబడే మనుషులు కొందరుంటారు. వీళ్లకి ఇటుకలు అక్కర్లేదు, పెంకులు అక్కర్లేదు. కిందపడ్డ దూలం పక్కన గొంతుకూర్చుని, బొటనవేలి గోరుతో గీరి, ఆ పొట్టు వాసన చూసి, కళ్లు మూసుకుని "రంగూన్ టేకు" అంటారు. తాటి దూలాన్ని తప్ప దేన్నయినా రంగూన్ టేకే అంటారు. కోరంగి, కాకినాడ రేవుల్నించి బర్మా వెళ్లొచ్చిన మనవాళ్ల పుణ్యమా అని గోదావరి జిల్లాల పాత ఇళ్లలో ఆ టేకు ఉన్నమాట నిజమే. కానీ వీళ్ల లెక్కే ఖాయం చేసుకుంటే ఈపాటికి బర్మాలో పుల్ల కూడా మిగిలుండకూడదు.

మా బాబాయి ఈ జాతివాడే. గుమస్తాగా చేరి, ముప్ఫై రెండేళ్లు జనం లెక్కలు తిరగేసి, ఆడిట్ ఆఫీసరుగా దిగిపోయాడు. కాగితం మీద కనిపించే అంకెని ఆయన ఏనాడూ నమ్మలేదు. కనిపించనిది ఒకటి లోపలెక్కడో నక్కి ఉంటుందని ఆయన నమ్మకం. రిటైరయ్యాక చూడ్డానికి లెక్కలు లేవు. కిరాణా కొట్టు చీటీని రెండు నెలలు ఆడిట్ చేశాడు. కొట్టువాడు సరుకులివ్వనన్నాడు. అప్పుడు దొరికింది దూలం.

నిజానికి పిన్ని అడిగింది ఉయ్యాల బల్ల. "కొత్త కర్ర కొంటే పచ్చిది అంటగడతారు, వంకరపోతుంది. పాతదైతే ఆరి ఉంటుంది" అని బాబాయి పక్క వీధిలో పడగొట్టిన ఇంటి దూలం ఒకటి కొని రిక్షా మీద తెచ్చాడు. మనిషి ఆలోచనలో తప్పేం లేదు. అరవై డెబ్భై ఏళ్లు కప్పు మోసిన కర్రలో ఇక వంగడానికీ కుంగడానికీ ఏమీ మిగలదు. అయితే అన్నేళ్లు ఇంట్లో ఉన్న కర్ర ఒంటరిగా ఉండదు కదా. అందులో మేకులుంటాయి.

మేకుల సంగతి సామిల్లు వాళ్లని అడగాలి. రెండు పెద్ద చక్రాల మీద పట్టీలా తిరిగే బ్యాండ్ సా బ్లేడు కర్రని వెన్నలా కోస్తుంది గానీ మేకు తగిలిందంటే కీచుమని ఒక అరుపు, నాలుగు నిప్పురవ్వలు, పళ్లు పోయి బ్లేడు మూల పడుతుంది. గుండ్రటి రంపమైతే పళ్ల చివర అతికించిన గట్టి ముక్కలు ఊడి ఎటు ఎగురుతాయో చెప్పలేం. చిత్రిక మిషనైతే అంత గోల చెయ్యదు. కత్తికి చిన్న నొక్కు పడి, ఆ తర్వాత పట్టిన ప్రతి పలక మీదా వీపు మీద వాత తేలినట్టు ఒక గీత తేలుతుంది. అందుకే మా ఊరి మిల్లులో ఎర్ర అక్షరాలతో బోర్డు ఉంది: "మేకు తగిలితే బ్లేడు ఖర్చు పార్టీదే."

ఆ బోర్డు చూసొచ్చిన రాత్రి బాబాయికి నిద్ర పట్టలేదు. భయంతో కాదు, ఉత్సాహంతో. తనకోసమే ఎవరో ఒక ఉద్యోగం సృష్టించినట్టు తోచింది.

మర్నాటి నుంచి వసారాలో ఆడిట్ మొదలైంది. ముందు గట్టి బ్రష్షుతో సున్నం, మసి దులిపాడు. మట్టీ ఇసకా కూడా బ్లేడుకి శత్రువులే కాబట్టి ఆ మాత్రం స్నానం ఎవరైనా చేయించాల్సిందే. తర్వాత కళ్లజోడు తుడుచుకుని దూలాన్ని చదవడం ప్రారంభించాడు. ఇదిగో, నన్ను కూర్చోబెట్టి నేర్పిన విద్య ఇదే.

"ఇక్కడ పెద్ద కొక్కెం ఉండేదిరా. ఉయ్యాల తొట్టి. ఎంత రాపిడో చూడు, తక్కువలో తక్కువ ఆరు కాన్పులు." కొక్కేన్ని ఇల్లుగలవాళ్లు పీక్కుపోయినా కాడ ముక్క లోపలే విరిగి ఉంది. "ఇవి తోరణాల మేకులు. పాత మేకు కనిపిస్తూనే ఉంటుంది, అయినా పండక్కో కొత్త మేకు కొడతారు. మనవాళ్లకి పోయినేటి మేకు పనికిరాదు." కాలండరు మేకు, గడియారం మేకు, తాతగారి ఫొటో మేకు. నలుపలకల నాటు మేకయితే కమ్మరి కొలిమిలో కొట్టింది, గుండ్రంగా ఉంటే కంపెనీది. ఇక కరెంటొచ్చిన కొత్తలో చెక్క పట్టీల మీద వైరు పరిచి, దానికి జానకో సన్నమేకు కొట్టేవారు. తల కందిగింజంత కూడా ఉండదు. రంగు పూస్తే కనపడదు. "పెద్ద మేకు దొంగలాంటిది, దొరికిపోతుంది. ఈ సన్నమేకుందే, గుమస్తా. వీడే ముంచుతాడు" అన్నాడు బాబాయి. ముప్ఫై రెండేళ్ల అనుభవం ఆ ముక్కలో ఉంది.

కంటికి కనపడని మేకు కూడా కొన్నిసార్లు రంగులో బయటపడుతుంది. తుమ్మ, మద్ది లాంటి వగరు కలపల్లో ఇనుము దిగిన చోట చుట్టూ నీలినలుపు మరక పడుతుంది. ఇందులో మాయేం లేదు, శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు చేసే పనే. వాళ్లు తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో నానబెట్టి, ఆ కషాయంతో కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయ వగరు, కర్ర వగరు ఒకే కోవవి. అక్కడ కలం రాస్తే ఇక్కడ మేకు రాస్తుంది. టేకు మాత్రం లోపల నూనె ఉన్న జాతి, ఇనుమును అంతగా తిననివ్వదు. దాంట్లోంచి తీసిన మేకులు నిన్న కొట్టినట్టే ఉంటాయి. బాబాయికి ఇది పెద్ద బాధ. "నేరస్థుణ్ని ఇంత శుభ్రంగా దాచే కర్రేమిట్రా ఇది!"

కళ్లతో అయ్యాక అయస్కాంతం. పాడైపోయిన స్పీకర్లోంచి ఊడదీసి, పిన్ని పూలదారంతో కట్టి, దూలానికి వెంట్రుకవాసి ఎత్తున వేలాడదీసి నడిపించేవాడు. మేకు దగ్గరకి రాగానే అది కల్లుపాక దాటుతున్న తాగుబోతులా ఒక పక్కకి లాగేది. అక్కడ సుద్దతో సున్నా, సున్నాలో అంకె, నోటుబుక్కులో పద్దు: "అభ్యంతరం నెం. 17, పడమటి ముఖం, చివరనుంచి రెండడుగుల మూడంగుళాలు, తల తెగినది." అయితే అయస్కాంతానికి ఇనుమొక్కటే పాపం. ఇత్తడి మర, రాగి రేకు, సీసం గుండు ఎదురైనా లంచం ముట్టిన ఇన్‌స్పెక్టరులా చూడనట్టు పోతుంది. ఈ సంగతి తెలిశాక బాబాయి దాని మీద విచారణ లేకుండా వేటు వేసి, డిటెక్టరు కొన్నాడు.

సినిమాహాలు గుమ్మం దగ్గర మన ఒంటి మీద తిప్పే కర్రలాంటిది. లోపలి తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటుంది. దగ్గర్లో ఏ లోహమున్నా దాంట్లో చిన్న చిన్న సుడులు పుట్టి, ఆ సంగతి చుట్టకి తెలిసి, కుయ్‌మంటుంది. మొదటిరోజు దూలం ఈ చివర నుంచి ఆ చివర దాకా కుయ్‌మంటూనే ఉంది. బాబాయి చెమటలు తుడుచుకుని, "ఇది దూలం కాదురా, పైకి కర్ర తొడిగిన రైలు పట్టా" అన్నాడు. వసారా సిమెంటులో ఇనుప ఊచలున్నాయని సాయంత్రానికి గానీ తట్టలేదు. ఇలాంటి పొరపాటుకి ఆయన సిగ్గుపడనక్కర్లేదనుకోండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు ఒంట్లో దిగబడ్డ తూటాని వెతకడానికి, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ అంతటివాడు ఇలాంటి యంత్రమే పట్టుకెళ్తే, పరుపు కిందున్న ఇనప స్ప్రింగులు లెక్క తప్పించాయి. తూటా దొరకలేదు, అధ్యక్షుడు దక్కలేదు.

దూలాన్ని చెక్క పీటల మీదికి ఎత్తించారు. తర్వాత బాబాయి ఉంగరం తీశాడు, వాచీ తీశాడు, చివరికి వెండి మొలతాడు కూడా తీసి దేవుడి గూట్లో పెట్టాడు. గాజులున్న పిన్నికి వసారాలో ప్రవేశం నిషేధం. కాఫీ కిటికీలోంచి అందేది. మోకాలి చిప్ప మార్పించుకున్న పక్కింటి మాస్టారు పేపరు కోసం వచ్చి దూలం పక్కన కూర్చుంటే యంత్రం ఆయన కాలి మీద అభ్యంతరం లేవదీసింది. ఆయన మళ్లీ పేపరుకి రాలేదు.

యంత్రం కూడా సర్వజ్ఞమేం కాదు. వస్తువు ఎంత చిన్నదైతే అంత పైపైనే పసిగడుతుంది. లోతున పడున్న సన్నమేకు దానికి అందదు. కనక దూలాన్ని దొర్లించి నాలుగు ముఖాలూ చూడాలి. దొర్లించడానికి నలుగురం కావాలి. మేం దొరకని వారం పని ఆగేది. ఇలా మూడేళ్లు. పిన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఊగుతున్నట్టు నటించడం అలవాటు చేసుకుంది.

ఈలోగా చూపు ముదిరింది. రోడ్డు పక్క వేపచెట్టుకి కోచింగ్ సెంటరు బోర్డు కొడుతున్న కుర్రాణ్ని నిలేసి, "నువ్వు కొట్టిన మేకు చెట్టుతో పాటు పైకి పోతుందనుకుంటున్నావా? చెట్టు పెరిగేది కొసన. మేకు ఇక్కడే ఉండి, మాను లావెక్కి మింగేస్తుంది. నలభై ఏళ్లకి నాలాంటివాడు దొరక్కపోతే ఏం కావాలి?" అని అడిగాడు. మొదటి ప్రపంచయుద్ధం జరిగిన ఫ్రాన్సు అడవుల్లోని చెట్లలో గుండు ముక్కలుండి అక్కడి మిల్లుల్ని ఏడిపించిన సంగతి కూడా చెప్పాడు. కుర్రాడు బోర్డు కరెంటు స్తంభానికి కట్టుకున్నాడు. నాకు తెలిసి బాబాయి జీవితంలో ఒక అభ్యంతరం వెంటనే పరిష్కారమైంది అప్పుడే.

పీకిన మేకుల్ని ఆయన పారెయ్యలేదు. రాయి మీద పెట్టి సుత్తితో వంకర తీసి, సైజువారీగా హార్లిక్స్ సీసాల్లో పోశాడు. మొత్తం 63 అభ్యంతరాలు. అన్నిటికీ ఎదురుగా "పరిష్కరించడమైనది" అని రాసి సంతకం పెట్టాక, మొన్న శ్రావణమాసంలో దూలం మిల్లుకి బయల్దేరింది.

కోత మేస్త్రి దూలాన్ని చూసి దణ్ణం పెట్టాడు. అంత శుభ్రమైన పాత కర్ర ఆ మిల్లు గుమ్మం తొక్కలేదట. స్విచ్ మీద చెయ్యి వేశాడో లేదో, "ఆగవయ్యా" అన్నాడు బాబాయి. ఒక చోట నల్ల చుక్క. యంత్రం ఇంట్లో ఉండిపోయింది. సంచీలోంచి ఉలి తీసి, పావుగంట తొలిచాడు. కర్రలోని ముడి. మేకు కాదు. "చూశావా, అనుమానం తీర్చుకుంటే పోయేదేముంది" అని ఉలి సంచీలో పెట్టి, చెయ్యి ఊపాడు.

మూడడుగులు కోసేసరికి కీచుమంది. నిప్పురవ్వలు. మిల్లు ఆగింది. మేస్త్రి రంపప్పొట్టులోంచి ఏరి అరచేతిలో పెట్టి చూపించాడు, గోరంత ఉక్కుముక్క. నేను సంచీలోంచి ఉలి తీశాను. మూల లేదు.

షావుకారు మాట్లాడకుండా బోర్డు వైపు వేలు చూపించాడు. బాబాయి కళ్లజోడు సర్దుకుని బోర్డు ఆసాంతం చదివాడు.

"ఇందులో మేకు అని ఉందండీ. ఇది మేకు కాదు, ఉలి. నియమావళిలో లేని వస్తువుకి రికవరీ ఎలా పెడతారు?"

"మీ ఉలేగా, బాబూ!"

"నాదే. నేను కాదన్లేదు. మీ బోర్డు లోపభూయిష్టంగా ఉందంటున్నాను. ఇత్తడి మరలు రాయలేదు. తీగ రాయలేదు. సీసం, రాయి, కొక్కెం కాడ, ఒక్కటీ లేదు. రేపు ఎవడైనా కోర్టుకెక్కితే?"

గంటసేపు నడిచింది. చివరికి బ్లేడు ఖర్చులో సగం బాబాయి ఇవ్వడానికీ, బోర్డు తిరగరాయించడానికీ ఒప్పందం కుదిరింది. ముసాయిదా బాబాయే అక్కడికక్కడ చెప్పాడు, మేస్త్రి రాసుకున్నాడు. పదకొండు వస్తువులు, రెండు ఉపనిబంధనలు. అవి ఉన్న బోర్డులో పట్టవని తేలింది. దూలంలోంచి అప్పటికే కోసిన మూడడుగుల పలక ఉయ్యాల బల్లకి ఎలాగూ చాలదు కనక, దాన్నే బోర్డు కింద అనుబంధంగా కొట్టెయ్యమన్నాడు బాబాయి.

"కొట్టడానికి మేకులు లేవండి" అన్నాడు షావుకారు.

బాబాయి సంచీలోంచి హార్లిక్స్ సీసా తీసి మూత తిప్పాడు. "ఏ సైజు కావాలి?"