లేత ముప్పై కాదట!

అమెరికా బేస్‌బాల్‌లో మంచి ఆటగాణ్ణి వదిలించుకోవాలంటే ముందు అతనిలో ఒక రోగం కనిపెట్టాలి. రోగం దొరక్కపోతే వయసున్నా చాలు. 1965 డిసెంబరులో సిన్సినాటి రెడ్స్ పెద్ద బిల్ డెవిట్ ఆ పనే చేశారు. తమ జట్టుకు ప్రాణంలాంటి ఫ్రాంక్ రాబిన్సన్‌ను బాల్టిమోర్ ఓరియోల్స్‌కి ఇచ్చేసి, బదులుగా మిల్ట్ పాపస్ అనే పిచర్నీ మరో ఇద్దర్నీ తెచ్చుకున్నారు. ఎందుకయ్యా అంటే, రాబిన్సన్‌కు ముప్పై వచ్చిందట. అదీ లేత ముప్పై కాదట! సంతలో బెండకాయ కొన విరిచి చూసినట్టు చూశారన్నమాట. ఆ ముదురు కాయ మరుసటి ఏడాది 0.316 సగటుతో, 49 హోమ్ రన్లతో, 122 పరుగులు రాబట్టి మూడు లెక్కల్లోనూ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. అత్యుత్తమ ఆటగాడి బహుమతి అందుకుంది. చాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ 4-0తో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌ను ఊడ్చేసింది.

ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకోవడం తప్పేం కాదు. ఐపీఎల్ చూసేవాళ్ళకు ఇది కొత్తా కాదు. రేపేం జరుగుతుందో ఎవరికీ తెలియదు కనుక బేరం బెడిసికొట్టడం కూడా నేరం కాదు. నన్ను ముచ్చటపరిచేది బేరం కాదు, దాని వెనకాల వచ్చే సంజాయిషీ. నూరేళ్ళ బేరాలు తిరగేసి చూడండి. ఆటగాడి వయసు, మోచెయ్యి, బొటనవేలు, చివరికి దెయ్యాలూ శాపాలూ కూడా బోనెక్కాయి. సంతకం పెట్టిన చెయ్యి మాత్రం ఎక్కలేదు.

మోచేతి కథ షికాగోది. 1964 జూన్ 15న షికాగో కబ్స్, పాతికేళ్ళయినా నిండని లూ బ్రాక్‌ను సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి ఇచ్చి ఎర్నీ బ్రోలియోను తెచ్చుకుంది. బ్రాక్ పరిగెత్తుతాడు తప్ప బ్యాటు నిలకడ లేదు. బ్రోలియో అంతకుముందు ఏడాదే 18 మ్యాచ్‌లు గెలిపించిన పిచర్. ఊళ్ళోని పత్రికలవాళ్ళు చంకలు గుద్దుకున్నారు. పిచర్ని కొంటున్నామే, బంతి విసిరే చెయ్యి ఎలా ఉందని ఎవరూ పట్టి చూడలేదు. సీజన్ అయిపోగానే ఆ మోచేతికి ఆపరేషన్. మూడు సీజన్లలో షికాగోకు అతను గెలిపించినవి 7, ఓడినవి 19. బ్రాక్ సెయింట్ లూయిస్‌కెళ్ళి మిగతా సీజనంతా 0.348 సగటుతో బాదాడు. ఆ అక్టోబరులోనే సెయింట్ లూయిస్ వరల్డ్ సిరీస్ గెలిచింది. రిటైరయ్యేలోపు బ్రాక్ కాళ్ళ వేగంతో దొంగిలించిన బేస్‌లు 938.

చాలా ఏళ్ళ తర్వాత షికాగోలో పాత ఆటగాళ్ళ మ్యాచ్ పెట్టి ఇద్దర్నీ పిలిచారు. బ్రాక్‌కు చప్పట్లు, బ్రోలియోకు ఛీత్కారాలు. నన్ను కొనండని ఆయన ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. కొన్నవాళ్ళు ఎక్కడ కూర్చున్నారో గానీ, వాళ్ళవైపు ఒక్క ఈల కూడా పోలేదు.

ఇక బొటనవేలు. 1971 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్‌కు మూడో బేస్ దగ్గర నిలబడే మనిషి కావలసి వచ్చాడు. కాలిఫోర్నియా ఏంజెల్స్ నుంచి జిమ్ ఫ్రెగోసీని తెచ్చుకున్నారు. అతను అప్పటిదాకా షార్ట్‌స్టాప్‌గా ఆడినవాడు. అయితేనేం, పక్క వీధే కదా, నేర్చుకుంటాడులే అనుకున్నారు. మరుసటి వసంతం ప్రాక్టీసులోనే అతని బొటనవేలు విరిగింది. 1973లో అతన్ని టెక్సాస్‌కి అమ్మేశారు కూడా. బదులుగా ఇచ్చింది బంతిని అదుపులో పెట్టుకోలేడని పేరు పడ్డ ఒక కుర్ర పిచర్ని. కొసరుగా మరో ముగ్గుర్ని. ఆ కుర్రాడు నోలన్ ర్యాన్. 1993 దాకా విసురుతూనే ఉన్నాడు. 5,714 స్ట్రైకవుట్లు, అవతలి జట్టుకు ఒక్క హిట్టూ దక్కనివ్వని మ్యాచ్‌లు ఏడు. ఆ రెండు రికార్డులూ నేటికీ చెక్కుచెదరలేదు. వేలు విరగకపోతే బేరం గిట్టుబాటయ్యేదని వాదించేవాళ్ళకు ఒక్కటే మాట: ఫ్రెగోసీ చేతులకు ఇరవై వేళ్ళున్నా ఆ లెక్క తేలదు.

న్యాయం న్యాయంగా చెప్పాలి. డెట్రాయిట్ టైగర్స్‌ను ఈ వరసలో నిలబెట్టను. 1987 ఆగస్టులో జాన్ స్మోల్ట్జ్ అనే కుర్రాణ్ణి అట్లాంటాకిచ్చి, అనుభవజ్ఞుడైన పిచర్ డోయల్ అలెగ్జాండర్‌ను తెచ్చుకుంది. అతను తొమ్మిది గెలిచి ఒక్కటీ ఓడలేదు. డెట్రాయిట్ డివిజన్ విజేత అయింది. స్మోల్ట్జ్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు, నిజమే. కానీ వెల చెల్లించారు, సరుకు తెచ్చుకున్నారు. అది బేరం.

తప్పు ఒప్పుకున్నవాళ్ళే లేరా అంటే, జార్జ్ డబ్ల్యూ. బుష్ ఉన్నారు. 1989లో టెక్సాస్ రేంజర్స్ ఆయన చేతిలో ఉండగా శామీ సోసాను షికాగో వైట్ సాక్స్‌కి ఇచ్చేశారు. వాళ్ళూ అతన్ని ఉంచుకోలేక అదే ఊరి కబ్స్‌కి అప్పగించారు. 1998లో అతను 66 హోమ్ రన్లు కొట్టాడు. 2000 ఎన్నికల ప్రచారంలో, మీరు చేసిన తప్పేమిటని అడిగితే బుష్‌గారు సోసా పేరే చెప్పారు. ఓట్లడగడానికి వచ్చిన మనిషి ఇంతకన్నా క్షేమమైన పాపాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు!

ఇక బోస్టన్. ఈ సాకుల విద్యకు అది విశ్వవిద్యాలయం. 1918లో రెడ్ సాక్స్ చాంపియన్లు. 1920 జనవరిలో, నాటకాలు ఆడించే యజమాని హ్యారీ ఫ్రేజీ, బేబ్ రూత్‌ను లక్ష డాలర్లకు న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మినట్టు ప్రకటించారు. పైగా ఫెన్‌వే పార్కు హామీగా 3 లక్షల డాలర్ల అప్పు. అంటే ఆటగాడు శత్రువుకి, సొంత మైదానం శత్రువు దగ్గర తాకట్టుకి! రూత్‌కు ప్రవర్తన బాగాలేదన్నారు. ఆ బాగాలేని మనిషి ఆ ఏడాది 54 హోమ్ రన్లు కొట్టాడు. బోస్టన్‌కి మళ్ళీ కప్పు దక్కింది 2004లో. 1918 నుంచి ఆ 86 ఏళ్ళ కరువుకి కారణం రూత్ శాపమన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆ శాపం మీద పుస్తకం వచ్చింది 1990లో. అదే ఏడాది ఆగస్టులో బోస్టన్ తన కుర్రాడు జెఫ్ బ్యాగ్‌వెల్‌ను హ్యూస్టన్‌కిచ్చి, 37 ఏళ్ళ ల్యారీ ఆండర్సన్‌ను తెచ్చుకుంది. అతను ఆ సీజన్‌లో వేసినవి 22 ఇన్నింగ్స్. బ్యాగ్‌వెల్ హ్యూస్టన్‌కి కొట్టినవి 449 హోమ్ రన్లు. ఇది కూడా దెయ్యమే చేయించిందా?

2018లో బోస్టన్ మళ్ళీ చాంపియన్. ఆ ఏడు లీగ్ అత్యుత్తమ ఆటగాడు వాళ్ళ మూకీ బెట్స్. 2020 ఫిబ్రవరిలో అతన్ని లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కి పంపేశారు. శాపం 2004లోనే తీరిపోయింది కనుక ఈసారి జీతాల భారం, పన్నుల భారం అన్నారు. ఆ అక్టోబరులో డాడ్జర్స్ కప్పు ఎత్తారు, బోస్టన్ తన డివిజన్‌లో అట్టడుగున తేలింది. బెట్స్‌కి బదులుగా వచ్చిన ముగ్గురిలో జీటర్ డౌన్స్ 14 మ్యాచ్‌లు ఆడి వెళ్ళిపోయాడు.

బేస్‌బాల్‌లో ఫీల్డర్ బంతి జారవిడిస్తే స్కోర్‌బోర్డు మీద ఊరంతా చూసేలా 'ఎర్రర్' అని వేస్తారు. ఏసీ గదిలో కూర్చుని మనిషినే జారవిడిచినవాళ్ళకు మాత్రం ఆ బోర్డు మీద గడి లేదు. ఒకటి పెట్టించండి. పేరు, తేదీ, చెప్పిన సాకు, అన్నీ కనబడాలి. బోస్టన్‌లో బోర్డు కాస్త వెడల్పు చేయించాల్సి రావచ్చు. ఖర్చెక్కువవుతుందంటారా? దానికేముంది, జట్టులో ఇంకో మంచి ఆటగాడు ఉండే ఉంటాడు!