చవక ట్యాబు శాస్త్రం: అభావ ప్రకరణం

ఇప్పుడు ట్యాబును గురించిన విచారం మొదలవుతోంది. విచారం అనే మాటకు శాస్త్రంలో పరిశీలన అనీ, ఇంట్లో దిగులు అనీ అర్థాలు. ఇక్కడ రెండూ చెల్లుతాయి.

శాస్త్రం మొదలుపెట్టేవాడు ముందుగా అధికారి ఎవరో చెప్పాలి. పదివేల లోపు ట్యాబు కొని, ఇంట్లో పిల్లలకో పెద్దవాళ్ళకో ఇచ్చి, "ఒరే, ఇది మళ్ళీ పనిచెయ్యట్లేదు" అని రాత్రి తొమ్మిదింటికి ఫోను చేయించుకునేవాడే అధికారి. నలభై వేలది కొన్నవాడికి ప్రవేశం లేదు. అతనికి కష్టం లేదు కాబట్టి జిజ్ఞాసా లేదు.

పదిహేడో శతాబ్దంలో మన అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో లోకంలో ఉన్నదంతా ఏడు పదార్థాల కింద సర్దేశాడు. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. ఖరీదైన ట్యాబును వర్ణించడానికి మొదటి ఆరూ కావాలి. చవకదానికి ఏడోది ఒక్కటే చాలు. లేకపోవడం కూడా ఒక పదార్థమేనా అని తార్కికుల్ని చూసి నవ్వేవాళ్ళు రెండు జీబీ ర్యామున్న ట్యాబులో ఒకేసారి మూడు యాప్‌లు తెరిచి చూడాలి. లేని ర్యాము ఎంత బరువుంటుందో చేతికే తెలుస్తుంది.

ఈ విభజన నా సొంతం కాదు. మా నాన్న తెనాలిలో తర్కం చెప్పేవారు. "నలభై ఏళ్ళు లేని కుండ గురించి పాఠం చెప్పి, ఉన్న కుండలో నీళ్ళున్నాయో లేవో ఒక్కరోజూ చూసిన పాపాన పోలేదు" అని అమ్మ ఫిర్యాదు. ఆయన పోయాక పుస్తకాల బీరువా అలాగే ఉండిపోయింది. పై అరలో తర్కం, కింది అరలో ట్యాబు. ఈ శాస్త్రం ఆ రెండు అరల మధ్య పుట్టింది.

పూర్వచరిత్ర కొంచెం. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ 'ఆకాశ్' అనే ట్యాబును విడుదల చేశారు. ప్రభుత్వానికి పడిన ధర 2,276 రూపాయలు. భాగాలు బిగించింది మన హైదరాబాదులోనే. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యాము, 366 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసరు. ఆ తెర వేలి స్పర్శకు కాదు, ఒత్తిడికి పలికే రకం. తాకితే చాలదు, నొక్కాలి. చవక ట్యాబు వాడేవాడి బొటనవేలికి ఓర్పు అనే గుణం ఆనాడే అలవడిందని నా ఊహ. ఆండ్రాయిడుకు అప్పట్లో మిఠాయిల పేర్లు పెట్టేవారు. 2019లో పదో సంచికతో ఆ ఆచారం మానేశారు, ఒక్క పూతరేకు పేరైనా పెట్టకుండానే.

మా ట్యాబు ఆ మిఠాయి కాలపు చివరి తరానిది. 2020 లాక్‌డౌన్‌లో మేనకోడలు చిన్ని ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నది. ఎనిమిదంగుళాలు, రెండు జీబీ, ఏడున్నర వేలు. బడులు తెరిచాక అది అమ్మ ప్రవచనాల కోసం తెనాలి చేరింది. అభావాలు నాలుగు. శాస్త్రక్రమంలో ప్రాగభావం ముందు రావాలి. మా ట్యాబు క్రమం పాటించలేదు కాబట్టి నేనూ పాటించను.

మొదట ప్రధ్వంసాభావం: ఉన్నది నాశనమైపోగా మిగిలే లేమి. దీనికి మొదలుంది, అంతం లేదు. పంపేముందు చిన్ని తన గీతల తాళం తానే మర్చిపోయి, పవర్ బటనూ వాల్యూమ్ బటనూ కలిపి నొక్కి మొత్తం తుడిచేసింది. మా చిన్నప్పుడు ఎక్కం తప్పితే పలక మీద ఉమ్మేసి తుడిచినట్టు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పద్ధతిగా తుడిస్తే ఏ గొడవా లేదు. బయట బటన్లతో తుడిస్తే మాత్రం, ట్యాబు లేవగానే పాత ఖాతా పాస్‌వర్డు అడుగుతుంది. దొంగల కోసం 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన కాపలా ఇది. దొంగ ఎప్పుడు చిక్కాడో గానీ అమ్మమ్మలు మాత్రం రోజూ చిక్కుతున్నారు. పాస్‌వర్డు చిన్ని వాళ్ళమ్మకు, అంటే మా అక్కయ్యకు, గుర్తులేదు. కోడు బావగారి పాత నంబరుకు వెళ్తుంది. ఆ సిమ్ము డ్రైవరు దగ్గరుంది. మూడు ఊళ్ళు కలిస్తే తాళం వచ్చింది.

అత్యంతాభావం మూడు కాలాల్లోనూ లేనిది, కుందేటికొమ్ము లాంటిది. ఇంట్లో వైఫై బిగించిన కుర్రాడు రెండు పేర్లు పెట్టి, "చివర 5జి ఉన్నదానికే కలపండి మామ్మగారూ, స్పీడు" అని చెప్పి వెళ్ళాడు. ట్యాబులో ఆ పేరు కనపడదు. రౌటరు ఆపి పెట్టారు, ట్యాబు ఆపి పెట్టారు, దేవుడి గదిలో పెట్టి చూశారు. ఆ 5జికి సెల్‌ఫోను 5జితో బంధుత్వం లేదు. అది అయిదు గిగాహెర్ట్‌జ్ తరంగం, చాలా చవక ట్యాబులకు 2.4 తప్ప వినపడదు. కొంచెం నెమ్మదే గానీ గోడలు దాటేది ఆ 2.4దే కాబట్టి వంటింట్లో కూడా ప్రవచనం ఆగలేదు.

ఇక అన్యోన్యాభావం. కుండ బట్ట కాదు, బట్ట కుండ కాదు. ఇంత చిన్న విషయానికి శాస్త్రమెందుకని చదువుకునే రోజుల్లో నేనూ అడిగాను. ప్రతి ఇంట్లోనూ పాత బిస్కెట్ల డబ్బా నిండా ఉండే వైర్లు చూశాక అడగడం మానేశాను. ఈ వైరు ఆ వైరు కాదు. చూపుకు రెండూ ఒకటే. చివర ముక్కు ఒకటే, నలుపు ఒకటే. ఒకదానిలో నాలుగు తీగలు, ఇంకోదానిలో రెండే. ఒకదానిలో రాగి ఉంది, ఇంకోదానిలో రాగి ఉన్నట్టు నమ్మకం ఉంది.

అమ్మ ఫోనులో పంచావయవ వాక్యం, అంటే తార్కికుల అయిదు మెట్ల వాదన, చెప్పింది. ట్యాబు చచ్చిపోయింది. రాత్రంతా పెట్టినా వెలగలేదు కాబట్టి. వెలగనిదల్లా చచ్చినదే, మన పాత రేడియోలా. ఇదీ వెలగట్లేదు. కాబట్టి చచ్చిపోయింది.

"అమ్మా, నీ హేతువులో వ్యభిచారం ఉంది" అన్నాను.

"ఆ మాటలేంట్రా! మీ నాన్న కూడా బళ్ళోనే వదిలేసి వచ్చేవారు" అంది.

తర్కంలో ఆ మాటకు హేతువు గురి తప్పడమనే అర్థం. ఆ దోషం ఉన్నమాట నిజం. పూర్తిగా ఎండిపోయిన బ్యాటరీ ప్లగ్గు పెట్టగానే మాట్లాడదు. అరగంట దాకా తెర నల్లగానే ఉండొచ్చు. ఆ అరగంటలో నాలుగుసార్లు పీకి చూసేవాళ్ళకు అది ఎప్పటికీ లేవదు. పైగా మా బ్యాటరీ 5,000 ఎంఏహెచ్. పాత ఫోను ఛార్జరు ఒక యాంపియరుది. గంటకు వెయ్యి పోసిందనుకున్నా అయిదు గంటలు దాటుతుంది. మధ్యలో ప్రవచనం పెడితే చిల్లుకుండే.

పరిష్కారం అన్వయవ్యతిరేకాలు. ఒక్కటే మార్చాలి, మిగతావి కదపకూడదు. అదే ఛార్జరు, వేరే వైరు. అదే వైరు, పక్కింటి ఫోను. వైరూ ఛార్జరూ ప్లగ్గూ ఒక్కసారే మార్చేసినవాడు ట్యాబును లేపగలడేమో గానీ, ఎందుకు లేచిందో చచ్చినా చెప్పలేడు. మాకు తేలింది ఇది: నేరం సగం వైరుది, సగం ట్యాబు నోట్లో పేరుకున్న దూదిది. ట్యాబు ఆపి, చీపురుపుల్ల కొన సన్నగా చెక్కి తీస్తే, ఆవగింజంత దూదిలో అయిదేళ్ళ చరిత్ర బయటపడింది.

నెమ్మదితనం గురించి ఎక్కువ చెప్పను. ర్యాము శుభ్రం చేస్తానని వచ్చే యాప్‌లు ఇల్లు సర్దిపెడతానని వచ్చి హాల్లో మంచం వేసుకునే చుట్టాలు. వాటిని పంపెయ్యాలి. అనుమానం తీరకపోతే, తెర మీద వచ్చే పవర్ ఆఫ్ గుర్తును నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. మనం తెచ్చిపెట్టిన యాప్‌లన్నీ పడుకుంటాయి. అప్పుడు ట్యాబు చురుగ్గా నడిస్తే దోషం మనం తెచ్చినవాటిదే.

మిగిలింది ప్రాగభావం: పుట్టకముందు ఉండే లేమి. దీనికి మొదలు లేదు, అంతం ఉంది. వేసవిలో తెనాలి వచ్చిన చిన్ని, తేదీని దానంతటదే సరిచేసుకునే మీటను ఆపేసి వెళ్ళింది. ఆటలో ప్రాణాలు అయిపోతే తేదీ రేపటికి జరిపి కొత్త ప్రాణాలు తెచ్చుకోవడానికి. తరవాత ట్యాబు బీరువాలో పడి పూర్తిగా ఎండిపోయింది. దసరాకి నేను వెళ్ళి ఛార్జి పెట్టి లేపితే తెర మీద 1970 జనవరి 1, ఉదయం అయిదున్నర.

యంత్రం లెక్క ఆ రోజు గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి సెకన్లలో మొదలవుతుంది. మన అయిదున్నర గంటలు కలిపితే తెల్లవారుజాము. ప్రవచనం తెరుచుకోదు. సైటు చూపించే ధ్రువపత్రం మీద నిన్నమొన్నటి తేదీ ఉంటుంది. ట్యాబు దృష్టిలో అది ఇంకా పుట్టలేదు. నేనూ పుట్టలేదు. మొత్తం ప్రకరణంలో అన్నంభట్టు లక్షణానికి ఇంత చక్కగా కుదిరిన ఉదాహరణ ఇంకోటి దొరకలేదని, ఇదంతా అమ్మకు వివరంగా చెప్పి, సెట్టింగ్స్ తెరిచి ఆ మీట నొక్కబోయాను.

అమ్మ ట్యాబు నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, తేదీ ఇంకోసారి చదువుకుంది.

"కాసేపుండరా. ఇంకా మీ నాన్న పెళ్ళిచూపులకి రాలేదు. ఆలోచించుకోనీ."