మత్తు దిగాక

మా అమ్మకు వేర్లు ఎముకలో ఇరుక్కుపోయిన పళ్ళు నాలుగు. బళ్ళారిలో ఒక ఆసుపత్రిలో చూపించాను. చిగుళ్ళు మొద్దుబారే సూది వేసి విడతలుగా తీసేయొచ్చని డాక్టరమ్మ అంది. నేను ఒప్పుకోలేదు.

"మా అమ్మ నొప్పి నేను చూడలేనండీ. పూర్తి మత్తే ఇవ్వండి" అన్నాను.

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వరండాలో కూర్చున్నవాళ్ళు నావైపు మెచ్చుకోలుగా చూశారు.

ఆ వరండాలోనే పెద్దాయన పరిచయమయ్యాడు. రాయదుర్గం పక్క పల్లెటూరు. కింది దవడ ఎముకలో తిత్తి. మా అమ్మకంటే ఒకరోజు ముందు ఆపరేషను. వెంట ఇద్దరు కొడుకులు. ముగ్గురికీ కన్నడం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కాగితాలన్నీ చదివి చెప్పాను. ఒకదాని పైన 'అరివళికె' అని ఉంది.

"అరివు అంటే ఎరుక. అది కాసేపు పోవడమే అరివళికె. అదే మత్తు."

పెద్దాయన నవ్వాడు. "1953లో మా తాలూకాను బళ్ళారి జిల్లాలోంచి కోసి అనంతపురానికి అతికించినప్పుడు ఈ మందు ఎవురూ ఇయ్యల్యా అప్పా. చేను ఆ పక్క, ఆసుపత్రి ఈ పక్క అయిపాయ."

నవ్వాడే గానీ చేతులు వణుకుతున్నాయి. భయం పోగొడదామని నాకు తెలిసిన కథ ఎత్తుకున్నాను. మత్తుకు దారి చూపించింది పళ్ళ డాక్టర్లే. 1844లో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు నవ్వుల వాయువు పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. మరుసటి ఏడు బోస్టన్‌లో పదిమంది ముందు చేసి చూపించబోతే రోగి మూలిగాడు, చూసేవాళ్ళు గేలి చేశారు. 1846 అక్టోబరు 16న అదే ఊళ్ళో అతని పాత భాగస్వామి మోర్టన్ ఈథర్‌తో నెగ్గాడు. పేటెంటూ పుచ్చుకున్నాడు. ఇక ఆ ఘనత నాదంటే నాదని ఏళ్ళ తరబడి కొట్లాట.

"అంటే మత్తు పుట్టీ పుట్టకనే వాటాల తగాదా కూడా పుట్టిందన్నమాట" అంటూ పెద్దాయన కొడుకుల వైపు చూశాడు. వాళ్ళు ఫోన్లలోకి తలలు వంచారు.

సాయంత్రం మత్తు డాక్టరు వచ్చాడు. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోమన్నాడు. పట్టాయి. "గుట్కా అలవాటు లేదు కదా, అందుకే. అది నమిలీ నమిలీ కొందరికి ఒక్క వేలు పట్టేంత కూడా నోరు తెరుచుకోదు. గొట్టం వేయడానికి మా ప్రాణం పోతుంది" అన్నాడు. నోరు సర్జనుకు వదిలేయాలి గనుక ఊపిరి గొట్టం ముక్కులోంచి దింపుతారట. రక్తం కిందికి జారకుండా గొంతులో తడి గాజుగుడ్డ పెడతారట. ఆపరేషనుకు 6 గంటల ముందు నుంచి తిండి బంద్, 2 గంటల ముందు నుంచి మంచినీళ్ళూ బంద్. కడుపులో ఏమైనా ఉంటే మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందని హెచ్చరించాడు.

లేచి వెళ్ళబోతూ ఆగి, "ఆ తర్వాత 24 గంటలు బండి నడపకూడదు. ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. కళ్ళు తెరిచి మాట్లాడుతున్నా ఏం మాట్లాడాడో, ఏం చేశాడో తర్వాత గుర్తుండకపోవచ్చు" అన్నాడు.

"గుర్తే ఉండదా?" పెద్దకొడుకు నాచేత మళ్ళీ అడిగించాడు. వాళ్ళ కోసం నేనూ ఇంకోసారి అడిగి రూఢి చేసుకున్నాను.

ఒప్పుకోలు కాగితం మీద పెద్దాయన సంతకం పెట్టాడు. గుండ్రటి తెలుగు అక్షరాలు. ఒక్క ఒత్తు కూడా తప్పిపోలేదు.

మర్నాడు ఆపరేషను బాగానే జరిగింది. ఆ తర్వాతి రోజు తెల్లారగానే, అమ్మను లోపలికి తీసుకెళ్ళేలోపు పలకరించి వద్దామని వెళ్ళాను. బుగ్గ బూరెలా ఉబ్బి ఉంది. కొడుకులు టీకి పోయినట్టున్నారు. పెద్దాయన తన ఎడమచేతి బొటనవేలినే చూసుకుంటున్నాడు. వేలు ఊదారంగులో ఉంది.

"మత్తు ఎన్ని గంటలకు ఎక్కించిందీ, ఎన్ని గంటలకు దించిందీ రాసి పెడతారా అప్పా?" పళ్ళ సందుల్లోంచి అడిగాడు.

"రాస్తారు పెద్దాయనా. నాడి, రక్తపోటు 5 నిమిషాలకొకసారి రాస్తారు."

"మా ఇంట్లో నా లెక్క అంత బాగా ఎవురూ రాయల్యా. దాని నకలు ఒకటి అడిగి ఇప్పీ. నేను సంతకం చేసేవాణ్ణి. నువ్వు చూసినావు గదా?"

"చూశాను."

"వీలునామాకు రిజిస్ట్రీ కావల్లా?"

"అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు సంతకాలు పెడితే సరిపోతుంది" టక్కున అన్నాను.

"బాగనే తెలుసుకున్నావే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "కన్నతండ్రి ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే వేలు పట్టుకుని ముద్ర వేయించుకుంటారా? ఛీ, మనుషులేనా! ఇలాంటి కొడుకులు పగవాడికి కూడా వద్దు" అని గట్టిగానే అన్నాను. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పి చూశారు.

పెద్దాయన మాత్రం నా ముఖం వైపు చూడటం లేదు. నా ఒళ్ళోని చేతిసంచీ వైపు చూస్తున్నాడు.

"మూలకు సిరా ఊరతాంది, సూసుకో అప్పా. ప్యాడు మూత సరిగా పడినట్టు లేదు" అన్నాడు.

తర్వాత మెల్లగా అడిగాడు:

"మీ యమ్మకు సంతకం చేసేది వస్తాదా, రాదా?"