తెల్లారకముందే కూసే కోడి

గయాసురుడి ఒంటిమీద, అతడు కదలకూడదన్న షరతుతో సాగిన యజ్ఞం ఏడు రోజులూ నిండకముందే శివుడు కోడిపుంజై కూశాడట. తెల్లారిందనుకుని లేచిన గయాసురుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. పిఠాపురం కుక్కుటేశ్వరుడి కథ ఇది. ఇప్పుడా కోడి మన ఫోన్లో చేరింది. జీతం పడీ పడకముందే వాయిదా కూత!

డ్వాక్రా కిస్తీ, బంగారం మీద వడ్డీ, బండి వాయిదా పోగా ఓ ఇంటాయన పద్దు రాశాడు: "కూరల్లో కోత, సినిమా రద్దు."

"మరి మీ సాయంత్రం బజ్జీలు ఏ పద్దులోనండీ?" అంది ఇల్లాలు. ఆయనకి పొలమారింది.

అసలుకి మించి వడ్డీ గుంజొద్దని మైక్రోఫైనాన్స్ సంస్థలకు 2010లో చట్టం కళ్లెం వేసింది. బజ్జీలకు వేసే చట్టమే లేదు.

పితృరుణం ఆ పిఠాపురం పాదగయలోనే పిండం పెడితే తీరుతుందట. వాయిదా రుణానికి ఏ పుష్కరిణిలో మునగాలి? ఆల్రెడీ నిండా మునిగే ఉన్నాం కదా!