వకాల్తా లేని వకీలు

సూది అంటే హడలిపోతున్న ఏడేళ్ల మనవడికి నేనిచ్చిన ధైర్యం, "చీమ కుట్టినట్టుంటుందిరా" అని. చీమ కుడితే వాడెంత గోల చేస్తాడో తెలిసీ అన్నాను.

అమెరికాలో పిల్లల ఆసుపత్రి అది. పిల్లల బెదురు పోగొట్టే చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అమ్మాయి గుమ్మంలోనే ఆగి, "నిన్ను చూడ్డానికి ఒక కుక్క వచ్చింది, రానివ్వమంటావా?" అని వాణ్ణే అడిగింది. "వద్దమ్మా, వీడికి కుక్కలంటే భయం" అనేశాను. ఆ భయం నాది. చిన్నప్పుడు తెనాలిలో వీధికుక్క పిక్క పట్టుకుంటే, బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్నవాణ్ణి. శుభ్రం సంగతి కూడా ఎత్తాను. అది స్నానం చేసి, టీకాలన్నీ వేయించుకుని వచ్చిందట. రాత్రంతా కుర్చీలో కునికిన నేనే ఇంకా మొహం కడుక్కోలేదు.

అక్కడైనా ఆగానా? దీనికి బిల్లెంత వేస్తారని అడిగాను. కుక్కను తెచ్చినాయన నవ్వి, తాను వాలంటీర్‌నన్నాడు.

ఆ ప్రశ్నకు ఆద్యుణ్ణి నేను కానని తర్వాత తెలిసింది. న్యూయార్క్ మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్, ముడుచుకుపోయిన పిల్లవాడు తన కుక్క జింగిల్స్‌కు చేరువైన సంగతి 1961లో తోటివాళ్ల సభలో చెబితే, ఫీజులో కుక్క వాటా ఎంతని ఒకరు వెటకారమాడారట. ఆనాడు నవ్విన సంగతినే ఇండియానాపొలిస్‌లోని రైలీ పిల్లల ఆసుపత్రి ఎమర్జెన్సీలో, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు 80 మందితో పరీక్షించి చూశారు. 2025లో ఫలితాలు అచ్చయ్యాయి. మామూలు ఊరడింపుతో పాటు 10 నిమిషాలు కుక్క సావాసం దొరికిన పిల్లలకు ఆందోళన ఎక్కువ తగ్గింది.

మావాడు నా మాట పక్కన పెట్టి, "రమ్మనండి" అన్నాడు. ఒక చెయ్యి నర్సుకిచ్చి, రెండో చెయ్యి కుక్క మెడ మీద వేశాడు. ఏడవలేదని అనను గానీ, చెయ్యి లాక్కోలేదు.

ఆలోచిస్తే సిగ్గేసింది. మందు, సూది, అర్ధరాత్రి థర్మామీటరు, వేటికీ వాడి ఇష్టంతో పనిలేదు. వద్దంటే వెనక్కి వెళ్లిపోయేది ఆ కుక్క ఒక్కటే. వాడి చేతిలో మిగిలిన ఆ ఒక్క నిర్ణయాన్ని కూడా, వకాల్తా ఇవ్వకుండానే వాడి తరఫున నేను వాదించేశాను.

బుద్ధొచ్చిందని మాత్రం చెప్పలేను. మొన్న హోటల్లో వాడికి ఇడ్లీ చాలని సర్వర్‌తో చెప్పేశాను. వాడు దోసె అడుగుదామనుకున్నాడట.