మొదటి అక్షరం చెప్పండి

మా రోజుల్లో కంప్యూటరు కొంటే వచ్చేది నల్లటి తెర, దాని మూలన మిణుకుమిణుకుమనే ‘సీ’ ప్రాంప్టు. అంతే. కావలసినవన్నీ మనమే ఏరుకోవాలి. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్ తెరిస్తే పిలవని చుట్టాల్లా బోలెడు సాఫ్ట్‌వేర్లు ముందే దిగబడి ఉంటాయి. పొమ్మన్నా పోవు.

గోదావరి జిల్లాలో ఒక చక్కెర మిల్లు అకౌంట్స్ సెక్షన్లో చేశాను నేను. ఏసీ గది, గుమ్మం బయట చెప్పుల వరస, లోపల ఒక పీసీ–ఏటీ. డీబేస్‌లో చెరకు రైతుల బిల్లులు, లోటస్‌లో జీతాలు. ఈ పెద్ద ప్యాకేజీల పేర్లు అందరికీ తెలుసు. మా పరువు నిలబెట్టినవి మాత్రం చిన్నచిన్న యుటిలిటీలు. నార్టన్ కమాండర్‌నే తీసుకోండి. 1986లో వచ్చింది, రాసినాయన జాన్ సోచా. నీలం తెర, ఎడమవైపు ఒక డైరెక్టరీ, కుడివైపు ఇంకొకటి. ఎఫ్5 కొడితే కాపీ, ఎఫ్6 కొడితే తరలింపు, ఎఫ్8 కొడితే చెరుపుడు. మౌసు ఊసే అక్కర్లేదు. మా మనవడు ఇవాళ ఒక ఫోల్డర్లోంచి ఇంకో ఫోల్డర్లోకి ఫైలు లాగుతూ లాగుతూ దారిలో ఎక్కడో జారవిడుస్తాడు. తర్వాత అరగంట వెతుకులాట.

ఒకసారి క్రషింగ్ సీజన్ మధ్యలో మా గుమస్తా ఒకాయన ‘డెల్ స్టార్ డాట్ స్టార్’ కొట్టేశాడు. డాస్ పాపం అడిగింది కూడా, ఖాయమేనా అని. ‘వై’ కొట్టాడు. బిల్లుల డైరెక్టరీ మొత్తం ఖాళీ. మా పెద్ద అకౌంటెంట్ గారు కుర్చీలోంచి లేస్తూనే ఒకటే కేక: “ఎవరూ కీబోర్డు ముట్టుకోవద్దు!”

ఆయనకు సంగతి తెలుసు. డాస్ ఫైలును నిజంగా చెరపదు. డైరెక్టరీలో ఆ పేరు మొదటి అక్షరం మీద ‘ఈ5’ అనే గుర్తు వేసి, ఆ జాగా ఖాళీ అని రాసుకుంటుంది. సరుకు డిస్కు మీద ఎక్కడిదక్కడే ఉంటుంది, దాని మీద ఇంకోటి రాయనంతవరకు. అందుకే నార్టన్ అన్‌ఇరేజ్‌ను హార్డ్ డిస్కులోకి ఎక్కించకుండా ఫ్లాపీ నుంచే నడిపారు. పోయిన ఫైళ్లన్నీ తెర మీద వరసగా నిలబడ్డాయి, ప్రతి పేరుకీ మొదటి అక్షరం బదులు ఒక ప్రశ్నార్థకం. ఆ అక్షరం మనం చెప్పాలి. చెబితే ఫైలు లేచి కూర్చుంటుంది. ముక్కలుముక్కలుగా చెదిరిపోయినవి కొన్ని రాలేదు. వచ్చినవాటితో రైతులకు బిల్లులు అందాయి.

ఇప్పుడో? ఎస్‌ఎస్‌డీ అట. రీసైకిల్ బిన్ ఖాళీ చేశారా, ‘ట్రిమ్’ అనేదొకటి వెళ్లి ఈ జాగా ఇక అక్కర్లేదని డిస్కుకు చెప్పేస్తుంది, అది ఊడ్చిపారేస్తుంది. నార్టన్ దిగివచ్చినా చేసేదేం లేదు. క్లౌడ్‌లో భద్రం కదా అంటారు. ఆ క్లౌడ్ తలుపు తీయాలంటే ఓటీపీ కావాలి, అదేమో ఎప్పుడో వదిలేసిన ఫోన్ నంబరుకు పోతుంది.

640 కేబీ మెమరీలో కాపురం ఎలా చేశామో చెబితే ఎవరూ నమ్మరు. 1991లో డాస్ 5 వచ్చాక కాన్ఫిగ్ ఫైల్లో రెండు లైన్లు రాసి డాస్‌ను పై మెమరీలోకి తోస్తే, దొరికిన ఆ కాస్త జాగాకే పండగ చేసుకున్నాం. ఇప్పుడు 8 జీబీ ఉండీ బ్రౌజర్ ఆయాసపడుతుంది.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఒకటుంది. దరఖాస్తుకు పెట్టే కాగితం ఇన్ని కేబీలు మించకూడదు అంటుంది ప్రతి సర్కారీ పోర్టలూ. జనం ఏం చేస్తున్నారు? ఆధార్ కాపీని తీసుకెళ్లి ఊరూ పేరూ తెలియని ఏదో సైటులో పడేసి, అక్కడ సన్నం చేయించుకుని తెచ్చుకుంటున్నారు. మా కాలంలో ఫైలు కుదించడానికి పీకేజిప్ ఉండేది. 1989లో ఫిల్ కట్జ్ తెచ్చాడు. మన ఫైలు మన గదిలోనే కుదించుకునేవాళ్లం, గుమ్మం దాటేది కాదు. షేర్‌వేర్ అది: వాడి చూడండి, నచ్చితే డబ్బు పంపండి అనే పద్ధతి. ఎందరు పంపారో నన్నడక్కండి. నెలనెలా చందా కట్టు, లేకపోతే నీ ఫైలు నీకే తెరవను అని మాత్రం ఎప్పుడూ అనలేదు.

మొన్న మనవడు ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసుకుంటున్నాడు, చందా కట్టే ప్యాకేజీలోనే. “ఒరేయ్, ఆ డాక్స్ ఫైలును ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరువు” అన్నాను. తెర నిండా పిచ్చి గుర్తులు. మొట్టమొదట మాత్రం తేటగా రెండక్షరాలు: పీ, కే. డాక్స్ లోపల ఉన్నది జిప్పేరా, అవి ఫిల్ కట్జ్ పొడి అక్షరాలు, ఆయన 2000లోనే పోయాడు, ఇంకా నీ రిపోర్టు మీద ఆయన సంతకమే ఉంది అని వివరంగా చెప్పాను.

“సేవ్ అయింది కదా తాతయ్యా?” అన్నాడు.