సామాను నేను సర్దితే

2022 ఉగాది మా మామిడికుదురు ఇంటికి ఒంటరిగా రాలేదండి. అమ్మాయి పెళ్లి, నా షష్టిపూర్తి, అబ్బాయికి కాకినాడలో ఉద్యోగం, అన్నిటినీ వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్లవగానే మేమూ కాకినాడ మారిపోవాలని పిల్లలు తీర్మానించారు. నన్నూ అడిగారులెండి. నేను "ఆలోచిద్దాం" అనేలోపు అక్కడి ఇంటికి అడ్వాన్సు ఇచ్చేశారు.

మా ఆవిడకి ఊరు వదలడం కష్టంగా ఉంటుందని, నచ్చజెప్పే భారం నాదేనని నేనే అనేసుకున్నాను. "పరాయి చోటేం కాదే, మన జిల్లా హెడ్‌క్వార్టరే కదా!" అన్నాను ధీమాగా.

"పేపరు చదవడమంటే రాశిఫలాలు చూసుకోవడం కాదండీ. అమలాపురం మనకి జిల్లా కేంద్రం అవుతోందని జనవరిలోనే రాశారు" అంది, అల్లుతున్న లేసు మీంచి తల ఎత్తకుండానే.

అన్నట్టే ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా పుట్టింది. ఇన్నేళ్లూ కలెక్టరాఫీసులో పని పడితే కాకినాడ బస్సెక్కినవాణ్ణి. తీరా ఆఫీసులన్నీ అమలాపురం వస్తున్న చైత్రంలోనే నేను కాకినాడ పోతున్నాను. నా మొహం చూసి ఆవిడే ఓదార్చింది: "జిల్లాకే బెంగపడితే ఎలాగండీ? ఎదుర్లంక వంతెన దిగితే యానాం. అది పుదుచ్చేరిది. మన సామాను మన రాష్ట్రమే దాటి మళ్లీ వస్తుంది." ఎవరు ఎవరికి నచ్చజెప్పారో మీరే చూశారుగా.

ఇక పెళ్లి పనులు. పెళ్లికూతురు కొబ్బరి బొండాం పట్టుకుని పీటల మీదకి రావడం మా వైపు ఆనవాయితీ. ఈ మధ్య ఆ బొండానికి ముత్యాలు, అద్దాలు, కుందన్లు, ఇద్దరి పేర్లూ ఉండాలట. ముస్తాబు చేసింది కొట్లో దొరుకుతుందన్నారు. నాకు పౌరుషం వచ్చేసింది. కోనసీమలో పుట్టినవాడు బొండాం కొనుక్కోవడమా? దింపు తీసే అతన్ని పిలిపించి గెల దింపించాను. అందులో నదరుగా ఉన్నది ఏరి, గేటుకి వేయగా మిగిలిన బంగారు రంగు దట్టంగా పూశాను. పెళ్లికింకా వారం ఉంది. నాలుగు రోజులకి బొండాం వాడి ముడతలు పడింది, రంగు పెచ్చులుగా లేచింది. దింపు అతను చూసి, "ఆయ్, పెళ్లి బొండాం పెళ్లినాడే దింపుకుంటారండి" అన్నాడు ఎంతో మర్యాదగా. మా అమ్మాయి బీరువాలోంచి ఎప్పుడో తయారుచేసి దాచుకున్న థర్మకోల్ బొండాం తీసింది. "నీ సరదా ఎందుకు కాదనాలని ఊరుకున్నాం నాన్నా" అంది.

షష్టిపూర్తి అప్పనపల్లి బాలబాలాజీ దర్శనంతో, ఇంట్లో పరమాన్నంతో ముగించారు. నాకు అరవై అంటే ఎవరూ నమ్మరని ఒక మాట వదిలాను. "ఎలా నమ్ముతారండీ, అరవై ఏళ్లవాళ్లకి బుద్ధి ఉంటుంది కదా" అంది మా ఆవిడ, పరమాన్నం వడ్డిస్తూ.

అప్పుడు పట్టాను సామాను పని. సర్దడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. కొబ్బరి పీచు, కొబ్బరి తాడు, గోనె సంచులు, కావలసిన సరంజామా అంతా పెరట్లోనే ఉంది. నిరుటి ఆవకాయ జాడీకి మాత్రం పీచు గరుకని, మంచం మీద మెత్తగా తెల్లగా ఏదో గుడ్డ కనిపిస్తే చుట్టూ చుట్టి బిగించాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చిందండి. మా ఆవిడ లేసుని నేను 2022లో గుర్తుపట్టకపోవడమే అసలు కథ. అది పెళ్లి అడ్డుతెర. చుట్టూ అంచు సంక్రాంతి నుంచి అల్లుతోంది. పెళ్లి ముందురోజు ఇల్లంతా వెతికి, చివరికి జాడీ దగ్గర ఆగింది. నన్నేమీ అనలేదు. అందుకే భయం వేసింది.

సబ్బుతో ఉతికారు, కుంకుడురసంలో నానబెట్టారు. నూనె మరక కదిలితేనా! చివరికి మా ఆవిడ తెర మొత్తం పసుపు నీళ్లలో ముంచేసింది. మరీ మొండిగా మిగిలిన మూల మా అమ్మాయి కుంకుమతో స్వస్తికం దిద్దింది.

పెళ్లిలో అందరి కళ్లూ ఆ తెర మీదే. "పచ్చటి అడ్డుతెర ఎంత బాగుందో! ఎవరి ఆలోచన?" అంది మా వదినగారు. ఆవిడ నా వైపే చూస్తోంది మరి, ఏం చెయ్యను? "ఏదో, నాదేలెండి" అన్నాను.

వెనక నుంచి మా అబ్బాయి, "అవును పెద్దమ్మా, మొదటి చెయ్యి నాన్నదే. వాసన చూడు, తెలుస్తుంది" అన్నాడు. ఆవిడ నిజంగానే వాసన చూసింది.

తర్వాత లారీ వచ్చింది, కాకినాడ చేరాం, ఏదీ పగల్లేదు. ఎందుకంటే నన్ను ముందురోజే బస్సెక్కించి పంపేశారు. కొత్తింట్లో అట్టపెట్టెలు దింపుతుంటే సగం పెట్టెల మీద స్కెచ్ పెన్నుతో లావుగా రాసి ఉంది: "నాన్న ముట్టకూడదు." మీ ఇంట్లోనూ అలాంటి పెట్టెలు ఉండే ఉంటాయి. ఏ మంచం కింద దాచారో ఓసారి చూసుకోండి.